నిగ్గుచెవి విన్న ఊ

ఆ కాలంలో దయ్యం మూలిగినా పరీక్షకు పంపేవారు. సముద్రం పాత ఊళ్ళను మింగేశాక కట్టిన మేడలు కదా, గోడ గోడకీ గాలి గొట్టాలు, గొట్టం గొట్టానికీ ఒక ఈల. ఏది గాలి, ఏది గొంతు, ఏది భ్రమ అని తేల్చడానికి వచ్చిన యంత్రమే నిగ్గుచెవి. కొబ్బరికాయంత ఉంటుంది. మనిషి చెవి వెనకాల మనసొకటి కూర్చుని తనకు కావలసింది వింటుంది. నిగ్గుచెవికి ఆ బెడద లేదు. ఉన్న శబ్దమే వింటుంది, అది ఎవరిదో కూడా చెబుతుంది.

దాన్ని చంకన పెట్టుకుని శబ్ద పరిశోధకురాలు హైమవతి భీమిలి మేడల్లో అప్పలకొండ తాత గదికి వచ్చింది. తాత రోజూ గోడకు కథ చెబుతాడు. పోయిన భార్య పైడమ్మ గోడలోంచి ఊ కొడుతుందంటాడు. శబ్దం ఉందా, సరే. లేదా, ఆస్పత్రివాళ్ళు మౌనబిళ్ళ మింగిస్తారు. అది లేని గొంతుల్ని తుడిచేస్తుంది, వాటితోపాటు జ్ఞాపకంలో దాచుకున్న గొంతుల్ని కూడా.

"అదీ పోతే నాకేటి మిగుల్తాదమ్మా?" అన్నాడు తాత.

"ముందు కథ చెప్పండి తాతా. నేను నోరెత్తను." హైమవతి గాలి గొట్టం మూసి, కిటికీ బిగించింది.

తాత గోడవైపు తిరిగాడు. "అనగనగా ఓ జాలరి. ఓనాడు ఆడి వల్లో సేప పడ్లేదు, ఇంకా మోగతన్న సన్నాయి పడింది..." ఆగాడు. మొహం వెలిగిపోయింది. "ఇన్నావా? కొట్టింది!"

హైమవతికేమీ వినబడలేదు. జాలరి పెళ్ళాం సన్నాయిని బియ్యం కుండలో దాచేదాకా కథ సాగింది. అప్పుడు నిగ్గుచెవి పలికింది.

"శబ్దం ఉంది. ఆడమనిషి గొంతు. కథ ఆగిన ప్రతిచోటా."

హైమవతి యంత్రం మీదికి వంగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎలుకలూ ఫ్యాన్లూ తప్ప పట్టిందేమీ లేదు.

"ఎవరిది?"

"మీది."

"నాదా! నేను పెదవైనా కదపలేదే!"

యంత్రం ఆ శబ్దాన్ని తిరిగి వినిపించింది. ఊ... ఊ... తను చిన్నప్పుడు అమ్మమ్మ పక్కలో పడుకుని కొట్టిన ఊ లాగే ఉంది.

తాత పడీపడీ నవ్వి, అంతలోనే చిన్నబోయాడు. "మరి రోజూ కొట్టేది?"

మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి హైమవతి బయటే నిలబడింది. తిరిగొచ్చేసరికి యంత్రం చెప్పేసింది: "శబ్దం లేదు."

"నాకినపడిందమ్మా," అన్నాడు తాత మెల్లగా. "ఓ మాటడుగుతాను, కోప్పడకు. లేనిది ఇన్నానని నాకు బిళ్ళేస్తారు. నీ నోట్లోంచి వొచ్చిందే నీకినపళ్ళేదు. మరి నీకేం బిళ్ళేస్తారు?"

హైమవతి నిగ్గుచెవివైపు చూసింది.

"ఇద్దరి వినికిడీ తప్పే," అంది యంత్రం. "కథ సాగినంతసేపే తప్పు."

హైమవతి అక్కడే యంత్రానికి నివేదిక చెప్పి రాయించింది: గోడలో శబ్దం లేదు. తాతకు లేని ఊ వినబడింది, నాకు ఉన్న ఊ వినబడలేదు. బిళ్ళ ఇవ్వాలంటే మొదట నాకివ్వండి.

యంత్రాన్ని చంకనెత్తుకుని గుమ్మందాకా వెళ్ళి, ఆగింది.

"ఇంతకీ కుండలో సన్నాయి ఏమైంది తాతా?"

తాత గోడవైపు ఓసారి చూసి, చాప దులిపి వేశాడు. "కూకో. ఊ మాత్రం ఇద్దరూ కలిపి కొట్టండి."