కంట్లో కదిలిన లెన్స్

పొద్దున్నే టీ గ్లాసు అందుకోబోయిన సారక్క చేయి పక్కనున్న ఖాళీలో తడుముకుంది. కోడలు ప్రీతి గ్లాసును ఆమె వేళ్లకు తగిలించింది.

"ఏమైంది అత్తమ్మా, కనిపిస్తలేదా?"

"కనిపిస్తుంది బిడ్డా. రెండు గ్లాసులు కనిపిస్తున్నయ్. ఏది పట్టుకోవాల్నో తెలుస్తలేదు."

ఆమె కుడి కంటికి శుక్లం తీయించి లోపల లెన్స్ పెట్టించి ఇంకా ఏడాది కాలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెలో ఉన్న బస్సు కండక్టర్ దేవదాస్, కోరుట్ల డిపో ముందు శిబిరానికి బయలుదేరుతున్నవాడల్లా తల్లి మాట విని గడపలోనే ఆగిపోయాడు.

"కంట్ల చుక్కలు టైముకు వెయ్యమని చెప్పిన గదా! నీకు మిషన్ కుట్టుడే ఎక్కువాయె," అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఒక్క పూట గుడ తప్పలే. అత్తమ్మనే అడుగు."

సారక్క ఏదో చెప్పబోయి ఊరుకుంది. భర్త మాటకన్నా ఆ మౌనమే ప్రీతిని ఎక్కువ గుచ్చింది. అయినా కొంగుతో కళ్లు తుడుచుకుని, "కొట్లాట తర్వాత. ముందుగాల ఆటో పిలువు, జగిత్యాల పోదాం," అంది.

దారిలో రాస్తారోకో. రోడ్డుకడ్డంగా ఎడ్లబండ్లు, జెండాలు. ప్రీతి దిగి, "మా అత్తకు కన్ను పోయేటట్టున్నదన్నా," అనగానే నినాదాలిస్తున్న వాళ్లే ఒక ఎడ్లబండిని పక్కకు నెట్టి దారిచ్చారు.

డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. "లెన్స్ పక్కకు జరిగింది. ఈ కంటికి ఎప్పుడన్నా దెబ్బ తాకిందా అమ్మా?"

"లేదు సారూ."

"చుక్కలు సరిగ్గ వెయ్యలే సార్, గందుకే," అన్నాడు దేవదాస్. పరాయివాళ్ల ముందు ఆ మాట పడేసరికి ప్రీతి తల దించుకుంది.

"ఊకో!" అంది సారక్క. "దాని తప్పేం లేదు. నువ్వు చిన్నగున్నప్పుడు చిర్రగోనె ఆడుతుంటే, నువ్వు కట్టెతోని కొట్టిన చిర్ర ఎగిరచ్చి నా కంటికి తాకింది. వెనకకు చూడకుంట ఉరికినవ్. నీకు తెలిస్తే కుములుతవని, తలుపు తాకిందని చెప్పిన."

దేవదాస్ తల్లి కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"లెన్స్‌ను పట్టుకుని ఉండే సన్నటి పోగులు ఆ దెబ్బకే బలం తగ్గినట్టున్నాయి," అన్నాడు డాక్టరు. "చుక్కలతో ఇది రాదు. ఆలస్యం చేయకుండా తెచ్చారు, మంచిదైంది. సరిచేసి కుట్టు వేద్దాం. చూపు నిలబడుతుంది."

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో దేవదాస్ తల్లి పాదాలు పట్టుకుని ఏడ్చాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నోటికచ్చినట్టు అన్న ప్రీతీ. తప్పయింది."

కంటికి కట్టుతో పడుకున్న సారక్క కోడలి చేయి వెతికి పట్టుకుంది. "ఆ పాత దెబ్బ సంగతి పొద్దుగాల్నే చెప్పాల్సింది బిడ్డా. కొడుకును కాపాడుకుంట నిన్ను ఏడిపిచ్చిన. నువ్వు గనుక తోలుకరాకుంటే..."

ప్రీతి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నేళ్లు కన్నకొడుక్కి తెలియనివ్వని మాటను ఆ తల్లి తన కోసం, అందరి ముందు బయటపెట్టింది. ఆమె వంగి అత్త నుదుటిని ముద్దు పెట్టుకుంది.

"నువ్వు పండుకో అమ్మా," అంది. అత్తమ్మ అనాలన్న సంగతి కూడా ఆమెకు గుర్తులేదు.