మధ్యాహ్నం వచ్చే మనిషి

పోయింది ఒక కోటు. నల్లది, ఉన్నిది. దాన్ని తొడుక్కున్నవాడు చనిపోయి ఆరేళ్లయింది.

1995 జూలై. దక్షిణాఫ్రికాలో జూలై అంటే చలికాలం, డర్బన్ పక్కనున్న ఇసిపింగోలో చలిగాలి వీస్తోంది. శుక్రవారం సాయంత్రం ఇన్‌స్పెక్టర్ లయనల్ ఖాళీ హ్యాంగర్ వైపు చూసి, ఈ మాత్రం కేసుకు తనెందుకని లోలోపల విసుక్కున్నాడు. బీరువాలో బంగారు గాజులు, బల్ల మీద రేడియో ఎక్కడివక్కడే ఉన్నాయి.

తాతల నాడు చెరకు తోటల్లోకి వలస వచ్చిన తెలుగు కుటుంబం, ఇప్పుడు ఇంట్లో ఉండేది ఇద్దరే. తల్లి ఎల్సీ, కూతురు పెర్ల్. కోటు ఎల్సీ భర్తది. పెర్ల్‌కు పగలంతా మొబేనిలో బట్టల ఫ్యాక్టరీ పని. కంప్లెయింట్ ఇమ్మని ఆమెను పోరింది డాక్టర్ శ్రీలేఖ.

శ్రీలేఖ నిరుడు గుంటూరు నుంచి డర్బన్ వచ్చింది. ముసలితనంలో, లేని మనుషులు కనిపించడం మొదలైన వాళ్లకు, ఆ తర్వాత మతిమరుపు జబ్బు వస్తుందా అన్నది ఆమె రీసెర్చ్. ఎల్సీ ఆ స్టడీలో పేషెంట్. రోజూ మధ్యాహ్నం ఎవరో వచ్చి అన్నం తిని పోతున్నాడంటుంది. అలాంటివాడు ఎవడూ లేడని కూతురు చెప్పింది. స్టడీలో పద్ధతే అది, పేషెంట్ మాటను ఇంటివాళ్లతో సరిచూసుకుంటారు. సైకోసిస్, అంటే లేనివి కనిపించే మానసిక జబ్బు, అని తేల్చేశారు. సోమవారం ఎల్సీని తాళాలు వేసే వార్డుకు పంపాలి.

లేని మనిషి కోటెలా పట్టుకుపోతాడు? శ్రీలేఖను నిద్రపోనివ్వని ప్రశ్న అదే.

లయనల్ ముసలామె పక్కన కూర్చున్నాడు. అతనికి వచ్చిన కాస్త తెలుగూ నాయనమ్మ చలవే.

“ఎవరాంటీ వచ్చేది?”

“ఎవరో మనిసి. బువ్వ తింటాడు. నన్నే సూస్తా ఏడుస్తాడు.”

“దెయ్యమా?”

“దెయ్యానికి ఆకలెందుకయ్యా?”

ఆ మాట లయనల్‌కు నిజమే అనిపించింది. లేచి వెనక తలుపు తీశాడు. నిటారు మెట్లు. కింద కరివేపాకు చెట్టు. నెల రోజులుగా వాన లేదు. చెట్టు మొదట్లో మాత్రం మట్టి తడిగా ఉంది. పసుపు మరకలు, నాలుగు మెతుకులు కూడా ఉన్నాయి.

తిన్నాక చెయ్యెక్కడ కడుగుతారని పెర్ల్‌ను అడిగాడు. సింకులో, అంది. తుంటి విరిగాక అమ్మ ఆ మెట్లు దిగనే లేదని కూడా చెప్పింది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నానికి ముందే శ్రీలేఖనూ, పనికి సెలవు పెట్టిన పెర్ల్‌నూ ముందు గదిలో కూర్చోబెట్టాడు.

“కంచంలోనే చెయ్యి కడిగి, ఆ నీళ్లు కరివేపాకుకు పొయ్యాలి. మన పాత ఇళ్లల్లో అలవాటు. మా నాయనమ్మ తిట్టి మరీ చేయించేది. దొంగ తిని పారిపోతాడు. ఇలా చేసేవాడు ఈ ఇంట్లో పెరిగినవాడే. పెర్ల్, నీకు అన్న ఉన్నాడు కదూ?”

పెర్ల్ ఒప్పుకుంది. ఉన్నాడు, నార్మన్. తెల్లవాళ్ల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో తోటి ఉద్యమకారుల పేర్లు పోలీసులకు చెప్పాడని వీధి వీధంతా తరిమింది. ఆ సిగ్గుతో, అప్పట్నుంచీ ఆమె తనకు అన్నే లేడని చెప్పుకుంటూ వచ్చింది. డాక్టర్లకూ అదే చెప్పింది.

వెనక తలుపు కిర్రుమంది. తండ్రి నల్ల కోటులో గడ్డం మనిషి. పోలీసును చూసి కూడా పారిపోలేదు.

“మూడు వారాలుగా వస్తున్నాను,” అన్నాడు నార్మన్. “అమ్మ ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇంకా క్షమించలేదు.”

మనిషి నిజమే. వార్డు తప్పింది. లయనల్ ఊపిరి పీల్చుకున్నాడు. శ్రీలేఖ ముఖం మాత్రం పాలిపోయింది. ఆమె వెళ్లి ఎల్సీ చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఈయనెవరు?”

ఎల్సీ కొడుకును తేరిపార చూసింది. “తెల్దమ్మా. మంచోడే. మా నార్మన్ వస్తే అడగాల. వోడికి అందరూ తెలుసు.”

కోపం కాదని, మర్చిపోతోందని శ్రీలేఖ మెల్లగా చెప్పింది. నార్మన్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. వీధి క్షమించకపోయినా అమ్మ క్షమిస్తుందన్న ఆశతోనే ఇన్నేళ్లు బతికాడు. క్షమించాల్సిన మనిషి ఎదురుగానే ఉంది, అయినా లేదు. 

పెర్ల్ అన్న వైపు చూడకుండానే ఒక కుర్చీ లాగి తల్లి పక్కన వేసింది.

“అమ్మా, ఈయన ఇక మనింట్లోనే ఉంటాడు.”

“ఉండనీ,” అంది ఎల్సీ. “నార్మన్ వచ్చేదాకా.”