రెండు రోజుల చుట్టాలు

శనివారం పొద్దున్నే ఆమె రెండు కుక్కల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేసరికి, భర్త పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చుట్టాలొచ్చారే! ఎన్నాళ్లుంటారు?" అన్నాడు నురగ నోటితోనే.

"రేపు సాయంత్రం అయిదింటిదాకా. మీ మేనకోడలు ఒక్కసారి నవ్వితే చాలని తెచ్చాను."

వీధుల్లో దెబ్బలు తిన్న కుక్కల్ని చేరదీసే షెల్టరు ఒకటి ఆ దగ్గర్లో ఉంది. మనుషుల ఇళ్లకు అలవాటు పడతాయని సెలవు రోజుల్లో వాటిని అడిగినవాళ్లింటికి పంపిస్తారు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే ఆమె, ఈ శనివారం పనికి సెలవు పెట్టి మరీ వాటిని తెచ్చింది.

మేనకోడలికి పదేళ్లు. తల్లి పోయాక ఎనిమిది నెలల క్రితం ఈ ఇంటికొచ్చింది. తండ్రికి ఓడ మీద ఉద్యోగం, నెలల తరబడి సముద్రంలోనే. లిఫ్టు మెకానిక్ అయిన మావయ్య ఆ పిల్లను 'పిచ్చుకా' అని పిలుస్తాడు గానీ, తన నోట్లోంచి మాటే రాదు. ఏదీ అడగదు, దేనికీ అలగదు. బట్టలు ఇప్పటికీ పెట్టెలోనే సర్దుకుంటుంది. అత్తయ్య కూడా పిల్లను పల్లెత్తు మాట అనకుండా, ఇంటికొచ్చిన అతిథిని చూసినట్టు చూసుకుంటోంది.

ఆ శనివారం మాత్రం ఇల్లు సందడెక్కింది. ఒళ్లంతా మచ్చలున్న ముసలి కుక్కకు పిల్ల 'బొంత' అని పేరు పెట్టింది. ఒక్క క్షణం నిలవని కుర్ర కుక్క 'తొందర' అయింది. ముగ్గురూ వాటితో చెరువు గట్టు వెంట గుట్ట దాకా నడిచారు. తొందర నీళ్లలోకి దూకి, ఒడ్డుకొచ్చి మావయ్య మీదే ఒళ్లు విదిలించింది. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటావిడ గోడ మీదుగా అత్తయ్యను పలకరించింది. "కుక్కల్ని ఉంచేసుకుంటారా?"

"అబ్బే, సాయంత్రం అప్పగించేస్తాం."

"మరి పిల్లో?"

"ఏమోనండీ. వాళ్ల నాన్న వచ్చేదాకా ఉంటుంది, తర్వాత ఆయనిష్టం."

అరగంట గడిచాక చూస్తే పిల్ల లేదు, బొంతా లేదు. మావయ్య వీధులన్నీ వెతకడానికి ఒకవైపు పరుగెత్తాడు. ఆమె గుండె చిక్కబట్టుకుని చెరువు వైపు పరుగెత్తింది. గట్టున ఎవరూ లేరు. నీళ్ల వైపు చూడ్డానికే భయమేసింది. గుట్ట సగం ఎక్కాక బండ చాటున కనిపించారు. పిల్ల బొంత మెడ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది.

"బుద్ధుందా నీకు? చెప్పాపెట్టకుండా వస్తావా? నా ప్రాణం పోయిందనుకున్నావా ఉందనుకున్నావా?" అని అరిచేసింది. అరిచాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పిల్ల బెదరలేదు. "దీన్ని ఇవాళ పంపించేస్తారు. నన్నెప్పుడు పంపిస్తారో కూడా చెప్పేయండి అత్తయ్యా. నేను ముందే సర్దుకుంటాను."

ఆమె పిల్ల పక్కనే మట్టిలో చతికిలబడింది.

"కుక్కల్ని తిరిగిస్తామని మాటిచ్చాం తల్లీ. నిన్నిస్తామని ఎవరికీ మాటివ్వలేదు."

"ఇందాక ఆంటీతో అన్నారుగా!"

"అన్నాను. భయంతో అన్నాను. నువ్వు నాదానివే అనుకున్నాక రేపు మీ నాన్న వచ్చి తీసుకెళ్తే? అందుకే దగ్గరకు తీసుకోకుండా మర్యాదలు చేస్తూ కూర్చున్నాను. నా పిరికితనానికి నువ్వు నలిగిపోయావు."

ఎనిమిది నెలల ఏడుపూ ఒక్కసారిగా తన్నుకొచ్చి పిల్ల అత్తయ్య ఒడిలో పడిపోయింది. బొంత ఇద్దరి చేతుల మధ్యకి ముక్కు దూర్చింది.

అయిదింటికి కుక్కల్ని షెల్టరులో అప్పగించారు. బొంత గొలుసును పిల్లే తన చేత్తో అందించింది, ఏడుస్తూనే. వచ్చే శనివారం కూడా వస్తామని షెల్టరాయనతో మావయ్య చెప్పాడు. గేటు బయటికి రాగానే అత్తయ్య పిల్ల తండ్రికి ఫోను చేసింది. అదృష్టం కొద్దీ ఆ రోజు ఓడ రేవులో ఉంది.

"అన్నయ్యగారూ, పిల్ల మా దగ్గరే పెరుగుతుంది. సెలవు దొరికినప్పుడల్లా మీరూ మా ఇంటికే రండి. తండ్రి మీరే, ఇల్లు మాత్రం ఇదే. మీకిష్టమేనా?"

అవతల ఆయన వెంటనే అందుకున్నాడు.

"ఎన్నిసార్లు అడగాలనుకున్నానో చెల్లెమ్మా. మీకు భారమవుతుందేమోనని నోరు రాలేదు."

ఆమె ఫోను పిల్లకు ఇచ్చింది. "నాన్నా," అంది పిల్ల ముక్కు ఎగబీలుస్తూ, "ఇవాళ అత్తయ్య నన్ను తిట్టింది, తెలుసా?" ఆ చెప్పడంలో ఫిర్యాదు లేదు, గర్వముంది.