అరంగుళం లోపలికి

ఫోన్ మోగే సమయానికి మిషన్ మీద ఉన్నది కూతురి రెండో స్కూలు గౌనే! ఎడమ పక్క కుట్టు అరంగుళం లోపలికి పట్టడం అయిపోయింది. కుడి పక్క సగంలో ఉంది.

"మీ అమ్మాయి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిందమ్మా... ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, వెంటనే రండి!" అంది టీచరు.

విన్నాక కూడా ఆమె కాలు తొక్కుతూనే ఉంది. సూది బట్ట దాటిపోయి ఉత్త ఇనుము మీద టకటకలాడింది...

ఆ వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది ఆమే. కొలత తప్పిందన్న మాట ఇంతవరకూ పడలేదు. మూడేళ్ళప్పుడు టేపు పెడితే చాలు, చక్కిలిగిలి పుట్టి కిలకిలా నవ్వేది కూతురు! రెండు చేతులూ రెక్కల్లా చాపి నిలబడేది. బొత్తాల డబ్బా బోర్లించి గంటసేపు ఏరి ఏరి, చివరికి ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది పట్టుకొచ్చేది! ఆ చేతులు పదిహేనేళ్ళకి కాస్త గుండ్రంగా, ముద్దుగా తయారయ్యాయి. అంతే... అంతకు మించి ఏమీ లేదు!

నాలుగు నెలల క్రితం ఆడపడుచు వచ్చింది. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, "ఏమే బొద్దమ్మా! నీకు గౌను కుట్టించాలంటే మీ నాన్న బట్టల తాను మొత్తం మోసుకురావాలే!" అంది. నాన్న నవ్వాడు. పిల్లా నవ్వింది. నవ్వుతూనే కంచం పక్కకి జరిపింది.

తర్వాత వంటింట్లో ఆడపడుచు గొంతు తగ్గించి, "తల్లివి, నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారే?" అని నిలదీసింది.

చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. నోటితో అంటే పిల్ల నొచ్చుకుంటుంది... బట్టే చెబుతుందిలే అనుకుంది! మర్నాడు పిల్ల స్కూలుకి వెళ్ళాక గౌను తిరగేసి, చెరో పక్కా అరంగుళం లోపలికి పట్టి కుట్టేసింది. "అమ్మా, బిగుసుకుపోయిందేంటి?" అని పిల్ల అడిగితే, తలెత్తకుండా, "కాస్త తిండి చూసుకో తల్లీ," అంది. కొన్నాళ్ళకి గౌను వదులైంది. మళ్ళీ పట్టింది. అలా నాలుగుసార్లు! టిఫిన్ డబ్బా రోజూ ఖాళీగానే వస్తోంది కదా, చిరుతిళ్ళు మానిందేమో అని లోలోపల మురిసిపోయింది కూడా! ఆ డబ్బా స్నేహితురాళ్ళు ఖాళీ చేస్తున్నారని ఆమెకేం తెలుసు?

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కూలు హెల్త్ కార్డులో పాత బరువు చూసి నొసలు చిట్లించింది. "నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది! ఒంట్లో రక్తమే లేదు. ఏం పెడుతున్నారమ్మా ఇంట్లో?"

మంచం మీంచి పిల్ల నీరసంగా నవ్వింది. "మీ బరువు మిషనే తప్పు చూపిస్తోంది డాక్టర్ గారూ! నేను లావైపోతున్నా. గౌను మాటిమాటికీ పట్టేస్తోంది. కుట్టింది మా అమ్మ. మా అమ్మ కొలత ఎప్పుడూ తప్పదు!"

ఆ గొంతులో ఎంత గర్వం!

"పిచ్చిదానా, ఎదిగే వయసులో కడుపు మాడ్చుకుంటారా?" అని కసిరింది డాక్టరమ్మ. "మూడు పూటలా వేళకి తిను. కూరలు, గుడ్డు, పాలు, ఏదో ఒక పండు. సాయంత్రం గంటసేపు ఆడుకో, కంటినిండా నిద్రపో. అసలు నీకు అప్పుడు మాత్రం తగ్గాల్సిన బరువేముందని?"

డాక్టరమ్మ వెళ్ళాక ఆమె పిల్ల గౌను అంచు తిరగేసి చూపించింది. లోపల నాలుగు వరసల కుట్లు, ఒకదాని పక్కన ఒకటి...

"కొలత తప్పలేదు తల్లీ... నేనే తప్పించాను!"

పిల్ల ఆ వరసల్ని వేలితో తడిమి తడిమి లెక్కపెట్టింది.

"ఉత్త మంచినీళ్ళతో ఉన్న రోజు కూడా పట్టేసిందమ్మా! నీళ్ళకి కూడా లావవుతున్నానని బాత్రూంలో ఏడ్చాను... అత్తయ్య అంటే నవ్వి ఊరుకున్నా. నువ్వూ నోటితో అనుంటే పోట్లాడేదాన్ని కదా! గౌనుతో ఎలా పోట్లాడనమ్మా?"



పిల్లని ఇంటికి తెచ్చిన మూడో రోజు ఆడపడుచు పళ్ళు పట్టుకొచ్చి, "ఏమే బొద్ద..." అనబోయింది. "వదినా! ఆ పేరు గుమ్మం బయటే వదిలేసి రండి," అందామె. అన్నదే గానీ, మనసు ఊరుకోలేదు. ఆవిడ నోటితో అన్నది ఒక్కసారి. తను దారంతో అన్నది నాలుగు నెలలు!

రెండు నెలలు గడిచాయి. ఇప్పుడు ముగ్గురూ కలిసే తింటున్నారు. పిల్ల బుగ్గలకి కాస్త రంగొచ్చింది. ఆ బుగ్గలు చూసి ఒకరోజు ఆమె సంబరంగా టేపు పట్టుకొచ్చింది. "కొత్త గౌను కుడతా, రా!" అలవాటుగా పిల్ల చేతులు రెక్కల్లా లేచాయి... సగంలోనే ఆగి దిగిపోయాయి.

"షాపులో కొనుక్కుంటానమ్మా," అంది మెల్లగా.

ఆ షాపు గౌనుతోనే ఇవాళ భోజనానికి కూర్చుంది. భుజం దగ్గర కుట్టు వంకరగా ఉంది, ఓ దారం పోగు వేలాడుతోంది. తెంపేద్దామని ఆమె చెయ్యి దానంతటదే లేచింది. పిల్ల భుజం చటుక్కున వెనక్కి తీసుకుంది.

ఆమె చెయ్యి ఒళ్ళో దాచుకుంది.

"ఇంకొంచెం అన్నం పెట్టమ్మా," అంది పిల్ల, తల వంచుకుని.

ఆమె గరిటె అందుకుంది. నిండుగా వడ్డించింది.