హాల్లో పెట్టె, పై గదిలో పెట్టె

"లోపలున్నదంతా పీకేసి కొత్తవి పెట్టండి. పెట్టెలు మాత్రం అలాగే ఉండాలి," అంది ఆమె. నా స్పీకర్ల రిపేరు షాపులో అడుగుపెట్టి ఇంకా నిమిషం కాలేదు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్‌లో ఆమె చూపించిన స్పీకర్లు నాకన్నా పదిహేనేళ్లు పెద్దవి. పాటకు కదిలే కాగితం కోన్లు, టేకు పెట్టెలు. అలాంటివి చేతికి రావడమే అదృష్టమనుకునే రకం నేను. తమరేం చేస్తుంటారని అడిగాను. పళ్ల డాక్టరట.

"పుచ్చిన పన్ను కనిపిస్తే పీకేస్తారా, నింపుతారా?"

"వేరు బాగుంటే నింపుతాను."

"మరి వీటి వేరు చూడకుండానే పీకెయ్యమంటున్నారు."

ఆమె గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. వాళ్ల నాన్నగారు పోయి ఏడాది. ఆంప్లిఫయర్ అంతకుముందే పాడైంది, స్పీకర్లకు కరెంటే లేదు. ఈ నెల నుంచి ఆమె మధ్యాహ్నాలు ఇంట్లో ఉంటోంది. మూడు దాటాక హాల్లో పెట్టె గుసగుసలాడుతోంది. ఆడో మగో తెలియని గొంతు. మధ్యలో 'బుడంకాయ' అన్న తన ముద్దుపేరు ఒక్కటే అర్థమవుతోంది. అమ్మ హడలిపోతుందని ఇంట్లో చెప్పలేదట.

"ఆ గొంతు వినలేను. నాన్న పెట్టెలు పారెయ్యనూ లేను," అంది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

మర్నాడు మూడింటికి వాళ్లింటికి వెళ్లాను. ఒక పెట్టె హాల్లో, రెండోది మేడ మీద వాళ్లమ్మగారు బట్టలు కుట్టుకునే గదిలో. హాల్లో పెట్టెకు చెవి ఆనించాను. కోన్ చుట్టూ గుడ్డ అంచు చివికిపోయింది. దాని వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు. తర్వాత సన్నగా మాట వచ్చింది.

"మన బుడంకాయ ఇవాళా సగం కంచంలోనే వదిలేసి లేచిందండీ."

 డాక్టరమ్మ నా చొక్కా పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకు తెలియదు. అంత భయంలోనూ అది నాకు బాగానే ఉంది.

భయమేస్తే నేను పనిలో పడతాను. జేబులోని చిన్న బ్యాటరీ తీసి పెట్టె వెనక తీగలకు ఆనించాను. కోన్ బతికుందో లేదో తెలుసుకోవడానికి మావాళ్లంతా చేసే పనే. టక్ మంది. మళ్లీ ఆనించాను. టక్.

గుసగుస ఆగిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. వాళ్లమ్మగారు జుట్టు సర్దుకుంటూ, "వస్తున్నానండీ," అంటూ గబగబా దిగివచ్చారు. నా చేతిలో బ్యాటరీ చూసి ఆఖరి మెట్టు మీదే ఆగిపోయారు.

అప్పుడు తీగ వెంట చూసుకుంటూ వెళ్లాను. ఆంప్లిఫయర్ పాడయ్యాక నాన్నగారు రెండు పెట్టెల్నీ ఒకదానికొకటి నేరుగా కలిపేశారు. స్పీకరు చెవి పని కూడా చేస్తుంది. ఒకదాని ముందు మాట్లాడితే రెండోది కరెంటు లేకుండానే సన్నగా పలుకుతుంది. హాల్లో మంచాన పడి కేక వెయ్యలేని ఆయన, బ్యాటరీతో రెండుసార్లు తట్టి ఆవిణ్ని పిలిచేవారట. పగలు కూతురు క్లినిక్‌లో ఉండేది కాబట్టి ఈ ఏర్పాటు వాళ్లిద్దరికే తెలుసు. ఆయన పోయాక ఆవిడ రోజూ మిషను ఆపి, పై గది పెట్టెకు కూతురి కబుర్లు చెబుతున్నారు. కూతురు ఆ వేళకు పడుకుంటుందనుకున్నారు.

"ఏడాదిగా నేను చెప్పడమే. ఇవాళ ఆయన పిలిచారనుకున్నాను బాబూ," అన్నారు.

నా జన్మలో అంత సిగ్గుపడలేదు. క్షమించమన్నాను. డాక్టరమ్మ వెళ్లి తల్లిని పట్టుకుని ఏడ్చేసింది.

కొత్త స్పీకర్లు పెడితే పాట బ్రహ్మాండంగా వస్తుంది, కానీ వాటి కోన్లు బరువు, ఈ గుసగుసకు కదలవు. పాతవి ఇలాగే వదిలేస్తే అంచు చిరిగి, నెల తిరక్కుండా మూగబోతాయి. రెండూ ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరమ్మ తల్లి మొహం చూసింది.

"నింపండి," అంది.

పెట్టెలు షాపుకు తెచ్చుకున్నాను. పది రోజులు పట్టింది. పాత అంచులు తీసి, కొత్త గుడ్డ కత్తిరించి అతికించాను. ఆమె రోజూ క్లినిక్ నుంచి ఇంటికి వెళ్తూ పేషెంటు ఎలా ఉన్నాడని తొంగిచూసేది. జిగురు ఆరిందో లేదో వేలితో నొక్కి నాతో తిట్లు తినేది. నిజానికి ఐదో రోజుకే ఆరిపోయింది. ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

పెట్టెలు వాళ్లింట్లో తిరిగి బిగించిన రోజు మబ్బు ముసురుకుంది. హాల్లో కూర్చుని వినమని డాక్టరమ్మకు చెప్పి, నేను పై గదిలోకి వెళ్లాను. పెట్టెకు దగ్గరగా వంగాను. ఎదురుగా చెప్పే ధైర్యం నాకెలాగూ లేదు.

"డాక్టర్ బుడంకాయ గారూ, మీరు తొంగిచూడని రోజు నాకు పని సాగేలా లేదు. మీరంటే నాకు ఇష్టం. మీకూ ఇష్టమైతే రెండుసార్లు తట్టండి."

బయట వాన పెద్దదైంది. పెట్టె టక్ మంది. కాస్త ఆగి, మళ్లీ టక్.

రెండేసి మెట్లు దూకుతూ దిగాను. హాల్లో ఎవరూ లేరు. తల్లీకూతుళ్లు తడిసిన బట్టలతో పెరటి తలుపులోంచి అప్పుడే లోపలికి వస్తున్నారు. నేను మెట్లెక్కగానే వాన అందుకుందట, ఇద్దరూ దండెం దగ్గరికి పరిగెత్తారట. నా మాట ఒక్కటీ వినలేదంది డాక్టరమ్మ. జేబు తడుముకున్నాను. బ్యాటరీ అందులోనే ఉంది.

 దాచుకోలేక జరిగింది జరిగినట్టు చెప్పేశాను, వాళ్లమ్మగారి ముందే. ఆవిడ హాల్లో పెట్టె వైపు చూశారు. ఆవిడ మొహంలో భయం లేదు.

"మీ నాన్న ఒప్పుకున్నారు. ఇక నీ ఇష్టం," అన్నారు కూతురితో.

డాక్టరమ్మ బట్టలు కుర్చీలో పడేసింది. తడి వేళ్లతో నా జేబులోంచి బ్యాటరీ తీసుకుంది.  పెట్టె వెనక మోకాళ్ల మీద కూర్చుని తీగలకు ఆనించింది. ఒకసారి. ఆగి, నా వైపు చూసి, ఇంకోసారి.