డేరాలో డేరా వేసిన కారు

"ముల్కియా ఏదీ? నా ముల్కియా ఏదీ?"

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి హాల్లోంచి రామ్మోహనరావు వేసిన కేకకి, వంటింట్లో కూర్చున్న అతని తల్లి మాణిక్యాంబ తీరిగ్గా జవాబిచ్చింది.

"ములక్కాడా? కోడలి హ్యాండ్‌బ్యాగులో ఉందిరా!"

"ములక్కాడ కాదమ్మా, ముల్కియా! కారు రిజిస్ట్రేషన్ కార్డు! హ్యాండ్‌బ్యాగులో ములక్కాడ వేసుకు తిరగడానికి అదేమన్నా సాంబారు గిన్నెనా?"

"నాకేం తెలుసురా? నిన్న వాచ్‌మన్‌తో అంటుంటే విన్నాను, 'ములక్కాడ నా బ్యాగులోనే ఉంది' అని. ఈ షార్జాలో కూరల ధరలకి బ్యాంకు లాకర్లో పెట్టుకున్నా తప్పు లేదు."

నెల క్రితం విజిట్ వీసా మీద వచ్చిన మాణిక్యాంబకి ఎడమ చెవి ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. కుడిచెవి పార్ట్‌టైము. అందుకని ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న కోడలు చాముండేశ్వరి మాత్రం గరిటె ఒక్క క్షణం ఆపి, మళ్ళీ కలిపింది.

రామ్మోహనరావు కోపానికి కారణం బల్ల మీద ఉంది. మూడు ఉత్తరాలు. ఇళ్ళకి పోస్టు రాని దేశం కనక అన్నీ ఆఫీసు పోస్టుబాక్సుకే వచ్చాయి. మొదటి రెండూ క్రెడిట్ కార్డు ప్రకటనలనుకుని అతను విప్పనే లేదు. మూడోదాని మీద ఎర్ర ముద్ర చూసి విప్పాడు. అది బాకీలు వసూలు చేసే కంపెనీది. మార్చి పద్నాలుగు, 2007, బుధవారం, మీ కారు దుబాయ్ డేరాలో ఫలానా బిల్డింగువారి సొంత పార్కింగులో మూడు గంటలు ఉంది, రెండొందల దిర్హాములు కట్టలేదు, ఇప్పుడది పదకొండొందల యాభై అయింది, వారంలో కట్టకపోతే కేసు. కింద ఒక ఫొటో.

"ఇవి వసూళ్ళా, శూలాలా?" అని గర్జించాడతను. "దిర్హాములున్నాయిగానీ ధర్మం లేదు వీళ్ళకి! బుధవారం నేనెక్కడుంటాను? అయిదింటికే కంపెనీ వ్యాన్ ఎక్కి అబూధాబీ దగ్గర మఫ్రఖ్ సైట్లో ఉంటాను. నేను మఫ్రఖ్‌లో ఉంటే నా కారు వెళ్ళి డేరాలో డేరా వేసిందిట!"

"మెల్లిగా అరవండి. పక్కవాళ్ళు వింటారు," అంది చాముండేశ్వరి.

"మెల్లిగా అరవడమేమిటి? అరుపంటేనే అరుపు! ఇదిగో, జవాబు రాశాను విను. 'ఈ ఇంట్లో నేను తప్ప కారు నడిపేవారు లేరు. నా భార్య ఆరుసార్లు పరీక్షకి వెళ్ళి ఆరుసార్లూ తప్పింది. ఆమెకి డ్రైవింగ్ రాలేదు, రాదు, రాబోదు.' మూడు కాలాలూ పడ్డాయి. దీనికి ముల్కియా కాపీ తగిలించి పంపితే వాళ్ళ నోటీసు నోరు మూసుకుంటుంది."

చాముండేశ్వరి పెదవులు బిగించింది. అతను ఫొటో కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"చూడవే, దొంగవెధవ ఎంత నేర్పరో! రెండు స్తంభాల మధ్య, రివర్సులో, అటు జానెడు ఇటు జానెడు వదిలి పెట్టాడు. ఇది చెయ్యి తిరిగినవాడి పని. నాకే చేతకాదు."

కోపంతో ఎర్రబడ్డ చాముండేశ్వరి ముఖంలో ఏదో మెరిసి మాయమైంది.

"తెలిసింది!" అతను బల్ల గుద్దాడు. "రెండో తాళం ఎవరి దగ్గరుంటుంది? రహీం దగ్గర!"

వాచ్‌మన్ అబ్దుల్ రహీంది మెట్‌పల్లి. పొద్దున్నే పది కార్లు కడిగి నాలుగు రాళ్ళు వెనకేసుకుంటాడు. లోపల తుడవడానికని అందరి తాళాలూ అతని గదిలో మేకులకి వేలాడుతుంటాయి. ఇంటర్‌కామ్‌లో కేక పడగానే పైకొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు.

"నా కారు తీశావా?"

"నేను తియ్యలే సార్."

"నీకు నడపడం రాదా?"

"ఊళ్ల ట్రాక్టర్ నడిపిన సార్."

"అదీ! మరి తాళం ఎవరికిచ్చావు? ఎవడు తీశాడు?"

అబ్దుల్ రహీం గచ్చువైపు చూశాడు. వంటింటి గుమ్మంవైపు కన్నెత్తి చూడకుండా ఉండటానికి అతను పడుతున్న కష్టం మెడ నరాల్లో కనబడుతోంది.

"మాట్లాడవా? సరే. మీ ముదీర్‌కి, ఆ మేనేజరుకే, ఫోన్ చేస్తున్నాను. సాయంత్రానికి నీ వీసా ఖలాస్!"

"మీ ఇష్టం సార్." అన్నాడు అబ్దుల్ రహీం. "ఆరేండ్లాయె ఈ బిల్డింగుల. ఒక్కల సూది ముట్టలే."

రామ్మోహనరావు నంబరు నొక్కడం మొదలెట్టాడు. వంటింట్లో పొయ్యి టక్కున ఆగింది. చాముండేశ్వరి హ్యాండ్‌బ్యాగుతో వచ్చి, దాన్ని అతని జవాబు మీదే బోర్లించింది. చిల్లర, దువ్వెన, తలనొప్పి మాత్రలు, వాటి మధ్య ముల్కియా. దాని పక్కన ఇంకో కార్డు. దాని మీద చాముండేశ్వరి ఫొటో.

"ఫోన్ పెట్టెయ్యండి. కారు తీసింది నేను."

"నువ్వా? నువ్వు ఆరుసార్లు..."

"ఏడోసారి పాసయ్యాను. మార్చి నాలుగున. ట్యూషన్లు చెప్పిన డబ్బుతో."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబుదామని కేకు కూడా కొన్నాను. ఆ వారమే మీ ఆఫీసు పిక్నిక్. మీరు మైకు పట్టుకుని ఏమన్నారు? 'మా ఆవిడకి లైసెన్సొచ్చేలోపు షార్జాలో ట్రాఫిక్ జామ్ పోతుంది' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బ్యాగులో లైసెన్సు పెట్టుకుని నవ్వానండీ!"

రామ్మోహనరావు ఫోన్ పెట్టేసి, ఆ లైసెన్సు మీద తేదీ చూశాడు.

"ఆ బుధవారం వాటర్ ట్యాంకు ఇనప మూత ఇతని పాదం మీద పడింది. రోడ్డు మీద పావుగంట చెయ్యెత్తి నిలబడ్డాను. నెత్తురు చూసి ఒక్క టాక్సీ ఆగలేదు. ఇతని హెల్త్ కార్డు చెల్లేది డేరా క్లినిక్‌లోనే. తాళం తీశాను. ఒక్కదాన్నే స్టీరింగ్ పట్టడం అదే మొదలు. కాళ్ళు వణికాయి, కానీ కారు వణకలేదు. తొమ్మిది కుట్లు వేశారు. బయటికొస్తే అద్దానికి ఏదో కాయితం. డేరాలో లోన్ల కార్డులు తగిలించి పోతారుగా, అదేననుకుని నలిపి పారేశాను. ఆ తప్పు నాది. డబ్బు నేనే కడతాను. కానీ నోరులేనివాడి మీద దొంగతనం మోపారే, ఆ తప్పెవరిది? మీకు లైసెన్సుంది, సెన్సే లేదు!"

"వాడు చెప్పొచ్చుగా మరి!" అన్నాడు రామ్మోహనరావు, ఓడిపోతున్నవాడి గొంతుతో.

"మేడంకి జబాన్ ఇచ్చిన సార్, ఎవ్వలకు చెప్పనని," అన్నాడు అబ్దుల్ రహీం. "నౌకరీ పోతె ఇంకోటి దొరుకుతది."

రామ్మోహనరావు కళ్ళు అతని పాదం మీదికి వెళ్ళాయి. బొటనవేలి నుంచి చీలమండ దాకా తెల్లటి గీత. ఏప్రిల్లో ఇతను కుంటుతుంటే తను అన్న మాట గుర్తొచ్చింది. "ఏం రహీం, డాన్సు నేర్చుకుంటున్నావా?" అప్పుడూ అందరూ నవ్వారు. రహీమూ నవ్వాడు.

రామ్మోహనరావు లేచి, మూడు కాలాల జవాబుని నాలుగు ముక్కలు చేశాడు. అబ్దుల్ రహీం రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయింది రహీం. నా నోరు..." అన్నాడు. కళ్ళు నిండాయి.

"గట్లనకుండ్రి సార్," అన్నాడు అబ్దుల్ రహీం ఇబ్బందిగా, చేతులు విడిపించుకోకుండానే.

"చాముండీ, నువ్వు కూడా క్షమించి..." అంటూ రామ్మోహనరావు భార్యవైపు తిరిగాడు.

"ఉప్మా మాడింది. అది మీదే. నాకింకా కోపం పోలేదు," అందావిడ. "రేపు ఆఫీసు తెరిచాక డేరా వెళ్ళి కట్టొద్దాం. నేను నడుపుతాను. మీరు పక్కన నోరు మూసుకుని కూర్చోండి."

"పార్కింగ్ కూడా నువ్వే చెయ్యి," అన్నాడతను, ఫొటో తీసి జేబులో భద్రంగా పెట్టుకుంటూ. "నాకలా రాదు. నిజంగానే రాదు."

ఇదంతా కుడిచెవి ఒగ్గి విన్న మాణిక్యాంబ బల్ల దగ్గరికొచ్చి, ముల్కియా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదా మీ ములక్కాడ?"

"అవునత్తయ్యా. కారు నడిపితే లైసెన్సుతోపాటు ఇదీ దగ్గరుండాలి. నిన్న కార్లో మర్చిపోయాననుకుని రహీం వెతకబోతుంటే, నా బ్యాగులోనే ఉందని చెప్పాను. మీరు విన్నది అదే."

"అమ్మా, ములక్కాడనుకున్నరా?" అబ్దుల్ రహీం పొద్దుటినించి మొదటిసారి నవ్వాడు.

"అయితే నేను పేరు తప్పు విన్నానుగానీ చోటు తప్పు చెప్పలేదు," అంది మాణిక్యాంబ, ఆ కార్డుని కోడలి చేతిలో పెడుతూ. "ఒరేయ్ రాముడూ, ఒక్క చెవి ఉన్నదాన్ని, నాకు వినబడింది. రెండు చెవులున్నవాడివి, ఇన్నేళ్ళుగా దీని మాట ఒక్కటి విన్నావట్రా?"