బోర్డు మీద రెండో పేరు

"అమ్మా, ఏం తోచట్లేదే!"

రత్నకుమారి గడప మీద కూర్చుని ఆ మాట అంది. కాసేపటికి లేచి వంటింటి గుమ్మంలో నిలబడి మళ్ళీ అంది. తర్వాత పెరట్లోకెళ్ళి, బట్టలుతుకుతున్న అమ్మ ముందు చతికిలబడి ఇంకోసారి అంది.

దసరా సెలవులు మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. నాచారంలో వాళ్ళు అద్దెకుంటున్నది రెండు గదుల ఇల్లు. ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగు అంగలేస్తే అయిపోతుంది. నాన్న రామ్మోహనరావు ఉప్పల్ రోడ్డులో కొత్తగా పెట్టిన సైన్సు ఆఫీసులో పనిచేస్తాడు. భూమి లోపల ఏముందో మిషన్లతో చూసే పని. జీపెక్కి క్యాంపుకి వెళ్ళాడంటే వారాల తరబడి రాడు. ఇప్పుడూ క్యాంపులోనే ఉన్నాడు.

పక్కింటి తారామణి ఉన్నా బాగుండేది. తారామణి వాళ్ళ మేనమామతో వెళ్ళి, కొత్తగా తెరిచిన జూ చూసొచ్చింది. రెండు రోజులు ఆ కబుర్లే చెప్పి, ఆ తర్వాత అమ్మమ్మగారి ఊరెళ్ళిపోయింది.

"సింహం ఆవులిస్తే ఎంత నోరనుకున్నావే! నీ తలకాయ పట్టేస్తుంది" అంది వెళ్ళేముందు.

ఇక అప్పటి నుంచి రత్న కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

తమ్ముడు చిదంబరానికి అయిదేళ్ళు. వాడికి ఈ బాధ లేదు. గోడ మీద చీమల బారు కనిపిస్తే చాలు, ఒక పూట గడిచిపోతుంది.

"అమ్మా, ఏం తో..."

అమ్మ మంగతాయారు దుప్పటిని బండ మీద ఒక్క బాదు బాది ఆగిపోయింది. పిండకుండానే దాన్ని బకెట్లో పడేసింది.

"నాకూ తోచట్లేదు" అంది.

రత్న నోరు తెరుచుకుని చూసింది. అమ్మకి తోచకపోవడమేమిటి? నీళ్ళు పట్టడం, పొయ్యి రాజెయ్యడం, వండటం, తోమడం, ఉతకడం అన్నీ ఉన్నాయిగా!

"లేవండి. జూకి వెళ్దాం" అంది అమ్మ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"నాన్న లేకుండానా?"

"ఏం, మనకి కాళ్ళు లేవా?"

అంతే. పెరుగన్నం కలిపి క్యారియర్లో సర్దింది. చిదంబరానికి ఉతికిన చొక్కా తొడిగింది. తాళం వేసి వీధిలోకొచ్చేసరికి ఇంటివాళ్ళ రుక్కమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"తల్లీ పిల్లలు గింత జల్దీగ ఏడికి పోతున్నరు?"

"జూకి!" అని అరిచింది రత్న. అప్పటికే ఆమె సందు మలుపులో ఉంది.

"మంచిగ పోయి రాన్రి. పిల్లగాడు జర పైలం" అంది రుక్కమ్మ.

బస్సు కోసం ఉప్పల్ దాకా నడవాలి. రత్న ముందు నడిచింది. నడిచిందనేకంటే పరిగెత్తిందనడమే నిజం. చిదంబరం గేదె పక్కన ఆగాడు. రత్న వెనక్కొచ్చి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. వాడు ఎడ్లబండి చక్రం చూస్తూ ఆగాడు. మళ్ళీ లాక్కెళ్ళింది. దారి పక్క గుంటలో కలువలు విచ్చి ఉంటే, ఈసారి అమ్మే ఆగింది.

"చూడవే రత్నా, ఎంత ఎర్రగా ఉన్నాయో! మా ఊరి కాలవ పక్కన అచ్చం ఇలాగే..."

"అబ్బా, పదమ్మా! జూ మూసేస్తారు!"

అమ్మ నడిచింది. కానీ రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది.

ఉప్పల్ చౌరస్తాకి వాళ్ళు చేరడం, దుమ్ము రేపుకుంటూ ఒక బస్సు వచ్చి ఆగడం ఒకేసారి జరిగాయి. బస్సు నెత్తిన ఇంగ్లీషు బోర్డు ఉంది. రత్న ఆరో క్లాసు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. సి, హెచ్, ఏ, ఆర్...

"చార్మినార్! అమ్మా, ఇదే! ఎక్కు, ఎక్కు!"

"ఒకసారి కండక్టర్ని అడుగు తల్లీ" అంది అమ్మ.

"అడగడానికేముంది? రాసుంటేనూ!" రత్న అప్పటికే తమ్ముణ్ణి మెట్టు మీదకి ఎక్కించేసింది. "నీకు చదవడం రాదు, నేను చదివితే నమ్మవు. ఎప్పుడూ ఇంట్లో కూర్చుంటావు, బస్సుల సంగతి నీకేం తెలుసు?"

బస్సెక్కుతున్న ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి చూశారు. అమ్మ క్యారియర్ చంకలో పెట్టుకుని, తలొంచుకుని బస్సెక్కింది.

రత్నకి కిటికీ పక్కన సీటు దొరికింది. ఇక అంబర్‌పేట వస్తుంది, ఆ తర్వాత మూసీ వంతెన, ఆ తర్వాత చార్మినార్. అక్కడ జూకి ఇంకో బస్సు. కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. కానీ అంబర్‌పేట ఎంతకీ రాదేం? దుకాణాలు రావాల్సిన చోట జొన్న చేలు వస్తున్నాయి. మేడలు రావాల్సిన చోట ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళూ, తాటిచెట్లూ వస్తున్నాయి.

కండక్టర్ వచ్చాడు. "ఏడికమ్మా?"

"చార్మినార్" అంది అమ్మ.

కండక్టర్ చెవి మీది పెన్సిల్ తీసి తల గోక్కున్నాడు. "గిది చార్మినార్ నుంచే వస్తున్నదమ్మా. పోయేది ఘట్‌కేసర్‌కి. బోర్డు మీద రెండు పేర్లుంటయి గద, సూడలే?"

ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రత్న చెవులు వేడెక్కాయి. కిటికీకి ముఖం ఆనించింది.

"ఫికర్ జేయకున్రి" అన్నాడు కండక్టర్. "బోడుప్పల్ దాటినం. గీ స్టాపుల దిగి, అవతలి దిక్కు నిలబడున్రి. మధ్యాన్నం చార్మినార్ బస్సొస్తది. గది పోతే మల్ల పొద్దుమూకే యాళ్ళకే ఇంకోటి."

దిగారు. బస్సు వెళ్ళిపోయింది. రోడ్డు పక్క ఒక వేపచెట్టు, దాని వెనక కూరగాయల తోట. అంతకుమించి అక్కడేమీ లేదు.

అమ్మ తిడుతుందని రత్న ఎదురుచూసింది. అమ్మ తిట్టలేదు. చెట్టు నీడలో క్యారియర్ పెట్టి, చిదంబరం ముఖం కొంగుతో తుడిచింది. తిట్టినా బాగుండేదనిపించింది రత్నకి. తిడితే తానూ ఏదో ఒకటి అనేది.

పెరుగన్నం తిన్నారు. రత్న రెండు ముద్దలకే లేచి రోడ్డు మీదకెళ్ళి చూసింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ వెళ్ళింది. మధ్యాహ్నం బస్సు తొందరగా వస్తే జూలో సింహాన్నయినా చూడొచ్చు. అది తప్పిపోతే ఇవాళ్టికి జూ లేనట్టే.

"అమ్మా, నీళ్ళు!" అన్నాడు చిదంబరం.

తోటలోంచి గుయ్యిమని మోటారు చప్పుడు వస్తోంది. అమ్మ వాణ్ణి ఎత్తుకుని అటు వెళ్ళింది. "బస్సొస్తే కేకెయ్యవే" అంది రత్నతో.

రత్న చెట్టు కిందే ఉండిపోయింది. అక్కడి నుంచి బావి కనిపిస్తూనే ఉంది. బావి గట్టున లావుపాటి గొట్టంలోంచి సిమెంటు తొట్టిలోకి నీళ్ళు దూకుతున్నాయి. వంకాయ మళ్ళకి నీళ్ళు మలుపుతున్న ఒక పెద్దావిడ నడుం ఎత్తి చూసింది.

"కాసిని మంచినీళ్ళు పట్టుకోవచ్చాండీ?" అని అడిగింది అమ్మ.

"అండి గిండి ఏంది బిడ్డా? లింగమ్మ నా పేరు. నీళ్ళకేం తక్కువ, తాగున్రి. ఏ ఊరు మీది?"

"నాచారం... అంటే, అసలు మాది తణుకు దగ్గర. కాలవ ఒడ్డున ఇల్లు."

"కాలువ ఒడ్డున పుట్టినదానివి, గిట్ల దూరం నిలబడ్తవేంది? కాళ్ళన్న కడుక్కో."

అమ్మ చెప్పులు విడిచింది. తొట్టిలోంచి కాలవలోకి పారుతున్న నీళ్ళలో ఒక కాలు పెట్టింది. తర్వాత రెండోది. చిదంబరమైతే చొక్కాతోనే తొట్టిలో దిగేశాడు.

రత్న రోడ్డు వైపు తిరిగింది. దూరంగా దుమ్ము లేచింది. లారీ. మళ్ళీ దుమ్ము. ఈసారి గొర్రెలు. కాలితో ఒక రాయిని తన్నింది. వేపాకులు తుంచి పారేసింది. ఎండ పైకెక్కుతోంది.

వెనక ఎవరో పగలబడి నవ్వుతున్నారు. కడుపు పట్టుకుని, ఆపుకోలేక నవ్వే నవ్వు. లింగమ్మ అనుకుంది రత్న. కానీ లింగమ్మ దూరంగా పార పట్టుకుని మడిలో ఉంది.

నవ్వుతున్నది అమ్మ.

గొట్టం కింద నిలబడి ఉంది అమ్మ. నీళ్ళు నెత్తిన దబదబా పడుతున్నాయి. జడ ఊడిపోయింది. చీర ఒంటికి అంటుకుపోయింది. చిదంబరం దోసిళ్ళతో నీళ్ళు చల్లుతుంటే అమ్మ తిరిగి చల్లుతోంది. కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తి ఆ ధారకి అడ్డం పెట్టింది.

రత్న చేతిలోని వేపరెబ్బ జారిపోయింది. అమ్మ నవ్వుని గుర్తుపట్టలేకపోయింది తను! నాచారం వచ్చాక ఆ నవ్వు ఎప్పుడైనా విన్నదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నీళ్ళు పట్టడం, పొయ్యి రాజెయ్యడం, ఉతకడం... 'నాకూ తోచట్లేదు' అన్న మాట ఇప్పుడు మళ్ళీ వినిపించింది. ఆ వెంటనే, ఉప్పల్లో తనన్న మాటా వినిపించింది.

అప్పుడు వచ్చింది బస్సు.

ఘట్‌కేసర్ వైపు నుంచి, నిజంగానే బస్సు. రత్న పరుగున రోడ్డు దాటి చెయ్యెత్తింది. బస్సు ఆగింది. ఈసారి ఆమె బోర్డు చూడలేదు.

"ఇది చార్మినార్ వెళ్ళేదేనాండీ?" అని అడిగింది.

"గదే. ఎందరున్రు? జల్దీ ఎక్కున్రి" అన్నాడు ఈ బస్సు కండక్టర్, తలుపు పట్టుకుని వంగి.

రత్న బావి వైపు తిరిగింది. మోటారు చప్పుడులో అమ్మకి బస్సు వచ్చిన సంగతి తెలియలేదు. ఒక్క కేక వేస్తే చాలు. అమ్మ గబగబా గట్టు దిగుతుంది. చీర పిండుకుంటుంది. జుట్టు ముడేసుకుంటుంది. తడిచీరతో, తలొంచుకుని బస్సెక్కుతుంది.

రత్న నోరు తెరిచింది. మూసింది.

సింహం గుర్తొచ్చింది. ఆవులించే సింహం.

"ఏంది పిల్లా, వస్తవా రావా?"

"రాము" అంది రత్న. అనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సాయంత్రం ఇంకో బస్సుందటగా? అందులో వస్తాం. మీరు వెళ్ళండి."

కండక్టర్ ఆమెని వింతగా చూసి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. "రైట్!"

దుమ్ము సర్దుకునేదాకా రత్న అక్కడే నిలబడింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని వంకాయ మళ్ళ మధ్య నుంచి పరిగెత్తింది.

అమ్మ ఆమెని చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, బస్సొచ్చిందా?" అంటూ గట్టు దిగబోయింది.

"వచ్చిందమ్మా. నేనే పంపించేశాను."

"పంపించేశావా? మరి నీ జూ?"

రత్న చెప్పులు గట్టున పెట్టింది. పావడా పైకి దోపుకుని తొట్టిలోకి దిగింది. నీళ్ళు చల్లగా మోకాళ్ళు దాటాయి. అమ్మ ఇంకా ఆమె ముఖంలోకే చూస్తోంది.

"అమ్మా, పొద్దున నేను బస్సు దగ్గర..." అంది.

అమ్మ తడిచేత్తో ఆమె బుగ్గ తుడిచింది. ఆ చెయ్యి తడిదే కాబట్టి బుగ్గ మరింత తడిసింది.

"ఏమిటే, చెప్పు?"

రత్న ముక్కు ఎగపీల్చి నవ్వింది. తల వంచి గొట్టం వైపు దూరింది.

"కొంచెం అటు జరుగమ్మా. నాక్కూడా చోటియ్యి."